ఒక్క ప్రశ్న కోసం రెండు జిల్లాలు

నేను బీయస్సీ పాసయ్యాను. ఈ మాట ఇప్పటికి ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. కర్నూలు బస్టాండులో సోడాలు అమ్మే ఆయనకు రెండుసార్లు చెప్పాను. మూడోసారి నేను నోరు తెరవకముందే ఆయన "బీయస్సీ సారుకు ఒక గోలీసోడా" అని కేకేశాడు. మా ఇంట్లో సంతకం పెట్టడం వచ్చిన మొదటి మనిషిని నేనే కాబట్టి చదివేవాళ్ళు కొంచెం ఓర్చుకోవాలి.

అయినా ఇప్పుడు రాయబోయేది దాని గురించి కాదు. అంతకంటే పెద్ద వార్త ఉంది. మా ఫిజిక్సు సారుతో కలిసి కర్నూలు నుంచి కడప దాకా తొమ్మిది రోజులు తిరిగి వచ్చాను. ఆ దారిన మీలో చాలామంది వెళ్ళి ఉండరు. వెళ్ళినా, రెండు రాళ్ళు ఎత్తు మీద నుంచి వదలడానికి మాత్రం వెళ్ళి ఉండరు.

కర్నూలు డేరాలో

మా సారు పేరు వెంకటసుబ్బయ్య. మద్రాసులో ఫిజిక్సు చదివారు. ఆయనతో చదివినవాళ్ళు పెద్ద పెద్ద లాబరేటరీల్లో తేలారు. ఈయన కర్నూలు వచ్చి, కాలేజీలో పాఠం చెప్పి, సంత రోజున చంకలో అయస్కాంతం పెట్టుకుని సంతకు పోయేవారు. ఎండుమిరపకాయల రాశుల మధ్య నిలబడి గాలికి బరువుందని చెప్పేవారు. ఒక జాతరలో దుర్బిణి పెట్టి చందమామను చూపిస్తే, జనం చూసి, దుర్బిణికి కుంకుమ పెట్టి, కానీలు వేసి వెళ్ళారు. ఇంత చేసినందుకు ఆయనకు దక్కింది ఏమిటంటే, ప్రమోషను రెండుసార్లు తప్పిపోవడం. "ఫిజిక్సు కాలేజీ గోడల లోపలే ఉంటే అది ఫిజిక్సు కాదు హనుమంతూ, ఫర్నిచరు" అంటారాయన.

ఆయన కోరికల్లా ఒక్కటే. ఒక బండి, రెండు ఎద్దులు, నాలుగు పెట్టెల సామాను. ఊరూరా తిరిగే సైన్సు బండి. దాని కోసం ఇరవై ఏళ్ళుగా అర్జీలు రాస్తున్నారు. రిటైరు కావడానికి ఇంక ఒక్క ఏడాదే ఉంది.

రాజధాని కర్నూలుకు వచ్చాక ఇళ్ళు చాలక కొన్ని ఆఫీసులు డేరాల్లో నడుస్తున్నాయి కదా, అలాంటి డేరాలో ఒక పెద్ద అధికారి మమ్మల్ని పిలిపించారు. గాలికి డేరా ఎగురుతోంది. ఫైళ్ళ మీద ఇటుకలు పెట్టి ఉన్నాయి.

"మీరు చెబుతారు, వాళ్ళు వింటారు. తోలుబొమ్మలాట కూడా వింటారు. అంతమాత్రాన చదువు వచ్చినట్టా?" అన్నారు అధికారి.

"కాదు" అన్నారు సారు.

"అయితే నాకు ఒక్క ప్రశ్న పట్టుకురండి. అడిగినవాడు విద్యార్థి కాకూడదు, ఉపాధ్యాయుడు కాకూడదు. మీరు చూపించింది చూసి, దాని గురించి తనంతట తాను అడగాలి. కింద సంతకమో, వేలిముద్రో ఉండాలి. తొమ్మిదో రోజు నేను కడపలో క్యాంపులో ఉంటాను. తెస్తే బండి ఇస్తాను. తేకపోతే ఫైలు మూసేస్తాను. మళ్ళీ అర్జీ పెట్టొద్దు."

బయటికి వచ్చాక సారు చిన్నపిల్లాడిలా నవ్వారు. "ఒక్కటే అడిగినాడు! నంద్యాల దాటేలోపల నోటుబుక్కు చాలదు చూడు." ఆ బండి వస్తే దాని మీద సహాయకుడి ఉద్యోగం నాకేనని అప్పటికే మాట ఇచ్చి ఉన్నారు. నోటుబుక్కు నేనే కొన్నాను, నూరు పేజీలది.

కుందూలో పోయిన గుండు

నంద్యాలలో కాఫీ అణా. మా ఆలూరు పక్క అణాకు కాఫీతో పాటు పావుగంట కబుర్లు కూడా ఇస్తారు. ఇక్కడ తాగగానే గ్లాసు లాక్కున్నారు. అలవాటుకొద్దీ "ఎన్ని దుడ్లప్పా?" అని అడిగితే హోటలాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏ దేశం మీది?" అన్నాడు. అరవై డెబ్బై మైళ్ళకే నేను పరదేశిని అయిపోయాను. ఉగ్గాని మాత్రం మా పక్క రుచే. బొరుగులు నానబెట్టి తాలింపు వేయడంలో రెండు రకాలు ఉండవేమో.

మా సామానులో ముఖ్యమైనవి రెండు గుండ్లు. ఒకటి ఇనపది, ఒకటి కొయ్యది, సైజు ఒకటే. రెండూ ఎత్తు నుంచి ఒకేసారి వదిలితే ఏది ముందు పడుతుంది? ఎవరినైనా అడగండి, బరువైనదే అంటారు. నేను కూడా బీయస్సీ రెండో ఏడు దాకా లోపల్లోపల అదే అనుకున్నాను. నిజానికి రెండూ ఒకేసారి పడతాయి. ఇంతే మా సారు చూపించేది. "ఇది చూసినోడు గమ్మున ఉండలేడు" అని ఆయన నమ్మకం.

బనగానపల్లె బస్సు కుందూ ఏరు దాటుతుంటే, టాపు మీద పెట్టె తెరుచుకుని ఇనప గుండు దొర్లి బురదలో పడింది. బస్సు ఆగింది. జనమంతా దిగి, పంచెలు ఎగగట్టి, బురదలో చేతులు పెట్టి వెతికారు. ఒక ఎద్దు కొమ్ము దొరికింది. ఒక ఇత్తడి చెంబు దొరికింది. ఆ చెంబు ఎవరిదన్న విషయం మీద అరగంట బస్సు ఆగింది. గుండు మాత్రం దొరకలేదు.

"పోనీయండప్పా" అన్నారు సారు. "మన సీమలో రాయి లేని ఊరు యాడుండాది? ఏ ఊరి రాళ్ళు ఆ ఊళ్ళోనే అడుగుదాం."

ఈ మాట ఎంత దూరం తీసుకుపోతుందో అప్పుడు మాకు తెలియదు.

బనగానపల్లె

మామిడిపండ్ల కాలం. బజారంతా ఆ వాసనే. ఖాసిం సాహెబు గారి కాఫీ హోటలు ముందు దిగాం. ఆయన గడ్డానికి గోరింటాకు పెట్టుకున్న పెద్దమనిషి. మేం వచ్చిన పని వినగానే తన మిద్దె ఎక్కడానికి నిచ్చెన వేయించారు. రెండు రాళ్ళు కూడా ఆయనే తెప్పించారు. జనం పోగయ్యారు. సారు మిద్దె ఎక్కి వదిలారు. రెండూ ఒకేసారి పడ్డాయి.

నేను నోటుబుక్కు తీసి పెన్సిలు నాకాను.

"ఇప్పుడు అడగండప్పా, ఏమైనా అడగండి" అన్నారు సారు దిగివచ్చి.

"శానా బాగుండాది సార్" అన్నారు ఒకరు.

"మీరు చెప్పినాక ఇంగేముండాది" అన్నారు ఇంకొకరు.

చాలాసేపటికి వెనక నుంచి ఒక గొంతు, "భోంచేసినారా సార్?" అంది. ఇది ప్రశ్నే కదా, రాయమంటారా అన్నట్టు సారు వైపు చూశాను. ఆయన చూసిన చూపుకు పెన్సిలు చెవి మీద పెట్టేసుకున్నాను.

జనం పోయాక ఖాసిం సాహెబు మామిడిపండ్లు కోసి పెడుతూ అసలు సంగతి చెప్పారు. "సార్, మీరు ఇంత ఎండలో మా ఊరికొచ్చి చెప్తాండారు. 'అదెట్ల?' అని మేం అడిగితే ఏమనుకుంటారు? మీ మాట మీద నమ్మకం లేదనే గదా? ఇంటికొచ్చిన పెద్దమనిషిని అట్ల అవమానం చేసేది మా ఊళ్ళో లేదు సార్. మీకు మర్యాద చేయాలనే అందరూ గమ్మున ఉండారు."

సారు చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది. "ముప్పై ఏండ్లు" అన్నారు మెల్లగా. "ముప్పై ఏండ్లుగా నా క్లాసులో ఒక్కడూ ఒక్క మాట అడగలే. అందరికీ అర్థమైందనుకుంటాండా."

నేను టెంక చీకడంలో చాలా శ్రద్ధ చూపించాను. ఆ క్లాసులో మూడేళ్ళు కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నాను మరి.

పండ్లకు డబ్బులు ఎంతని అడిగితే ఖాసిం సాహెబు చెవులు మూసుకున్నారు.

పేరు రాయని ఊరు

కోయిలకుంట్ల దాటాక ఒక ఊరు. పేరు రాయను. ఆ ఊళ్ళో చదవడం వచ్చినవాళ్ళు పై వీధిలో ఇద్దరు, కింది వీధిలో ఇద్దరు ఉన్నారు. పై వీధి అని ముందు రాసినందుకే ఇప్పటికి ఇద్దరు నొచ్చుకుని ఉంటారు.

మేం దిగింది పై వీధిలో, తిమ్మప్ప గారి అరుగు మీద. పై వీధికి ఆయన ఎంత చెబితే అంత. "ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెండు రాళ్ళు కావాలప్పా" అన్నారు సారు. తిమ్మప్ప వెంటనే ఇంట్లోంచి రుబ్బురోలు పొత్రం తెప్పించాడు. చిన్నది తేవడానికి మనిషి లోపలికి పోయేలోగా కింది వీధి నుంచి గంగన్న గారు పదిమందితో వచ్చారు. తిమ్మప్ప ఎంతో ఆయన అంత, కింది వీధికి.

"ఏమప్పా, ఊరంతటికీ చూపించే పని గదా, రాళ్ళు రెండూ వాళ్ళవే ఎందుకు?"

"మిగిలింది చిన్నరాయి" అన్నాడు తిమ్మప్ప. "తెచ్చుకుంటే తెచ్చుకో."

"చిన్నదైతే ఏమి? మా రాయి చిన్నదైనా ముందు దిగుతాది చూడు."

అలా ఊరు రెండుగా చీలింది. నిజానికి ముందే చీలి ఉంది. మేం రాళ్ళు పంచామంతే. రెండూ ఒకేసారి పడతాయని సారు చెబితే రెండు వీధులూ కలిసి నవ్వాయి. మూడేళ్ళలో వాళ్ళు కలిసి చేసిన మొదటి పని అదేనట.

ఊరి మధ్యలో పాత కోట బురుజు ఒకటి ఉంది. దాని మీద నుంచి వదలాలి. పై వీధివాడు వదిలితే కింది వీధి ఒప్పుకోదు, కింది వీధివాడు వదిలితే పై వీధి ఒప్పుకోదు. చివరికి మా సారే, యాభై నాలుగేళ్ళ మనిషి, పొత్రం ఒక చంకలో, రాయి ఒక చంకలో పెట్టుకుని మెట్లు లేని బురుజు ఎక్కారు. కింద తీర్పరిని నేను. నాకు అటు ఇరవైమంది, ఇటు ఇరవైమంది. అందరి చేతుల్లోనూ కట్టెలున్నాయి. పొలానికి పోతూ వచ్చామన్నారు. ఆ పొద్దు ఎవరూ పొలానికి పోలేదు.

సారు వదిలారు. ధబ్! ఒక్కటే చప్పుడు.

అందరూ తీర్పరినైన నా వైపు చూశారు. నా బీయస్సీకి ఆయుష్షు ఇంతేననుకున్నాను.

"గంగన్నా" అన్నాడు తిమ్మప్ప చివరికి. "ఒగటేసారి పడ్నాయి."

"పడ్నాయి తిమ్మప్పా."

"భలే తీర్పు!" అని ఎవరో అరిచారు. అంతే, బురుజు చుట్టూ ఈలలు.

"తీర్పు కాదప్పా!" పై నుంచి సారు గొంతు చించుకున్నారు. "నేనేం చేయలే! పెద్దదైనా, చిన్నదైనా ఒగటే మాదిరి పడుతుంది! ఎవురు వదిలినా అంతే!"

"ఇన్నారా?" అన్నాడు తిమ్మప్ప జనంతో. "పెద్దోడైనా, చిన్నోడైనా ఒగటే అంటాండాడు. ఈయప్ప ధర్మరాజు."

వాళ్ళ తగాదా బావి దగ్గరది. ఏ వీధి ఆడవాళ్ళు ముందు నీళ్ళు తోడుకోవాలన్నది మూడేళ్ళుగా తెగలేదు. సారు బురుజు దిగేలోపలే తెగిపోయింది: బావికి అటొకటి, ఇటొకటి రెండు గిలకలు. ఇద్దరూ ఒకేసారి తోడుకోవడం. వడ్రంగికి కబురు కూడా వెళ్ళింది.

"అదంతా సరే" అన్నారు సారు, మోచేతులు చీరుకుపోయి, దుమ్ము కొట్టుకుని. "అవి అట్ల ఎందుకు పడ్నాయో మీకెవురికీ అడగబుద్ధి కాలేదా?"

గంగన్న రెండు చేతులూ జోడించాడు. "తీర్పు అయినాక ఎందుకని అడిగేది మా వంశంలోనే లేదు సారూ."

ఆ పూట పై వీధిలో నాలుగు జొన్నరొట్టెలు, నాటుకోడి. చేయి కడుక్కోగానే కింది వీధిలో నాలుగు జొన్నరొట్టెలు, నాటుకోడి. ఒక్క ముక్క తగ్గినా మళ్ళీ కట్టెలు లేస్తాయని భయపడి అన్నీ తిన్నాం. మా పక్క రొట్టె పలచగా, చేటంత ఉంటుంది. వీళ్ళది మందం. ఎనిమిదో రొట్టె తిన్నప్పుడు ఆ తేడా బాగా తెలిసింది.

జమ్మలమడుగులో రెండు మేళాలు

మేం బస్సు దిగేసరికి పదిమంది ఎదురొచ్చారు. వాళ్ళ చేతిలో పళ్ళెం, పళ్ళెంలో రెండు రాళ్ళు, రాళ్ళకు పసుపు, కుంకుమ.

"రాళ్ళ సారు ఎవురప్పా?" అని అడిగారు.

కబురు మాకంటే ముందు బస్సులో వచ్చినట్టుంది. విషయమేమిటంటే ఆ రోజు పెళ్ళి. మగపెళ్ళివారు తమ మేళం తెచ్చుకున్నారు, ఆడపెళ్ళివారు తమది పెట్టుకున్నారు. ఊరేగింపులో ఏ మేళం ముందు నడవాలన్నది తెగక పెండ్లికొడుకు పొద్దుటి నుంచి పీట మీద కూర్చునే ఉన్నాడు.

"నేను తీర్పులు చెప్పేవాణ్ణి కాదప్పా" అన్నారు సారు. "ఫిజిక్సు అయివారిని."

"అదే సారూ. ఆ ఫిజిక్సే రోంత ఏసిపో" అని పెండ్లికూతురి తండ్రి సారు చేతులు పట్టుకున్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు.

సారు నన్ను పక్కకు పిలిచారు. "జనం ఐదొందలకు తక్కువ లేరు. ఇంతమందిలో ఒక్కరన్నా అడగరా?" అని మిద్దె ఎక్కారు. రాళ్ళు ఎప్పటిలాగే పడ్డాయి. ఆయన నోరు తెరిచి "ఇప్పుడు దీంట్లో విశేషం ఏమంటే..." అన్నారు. ఆ తర్వాత ఆయన చెప్పింది భూమ్మీద ఎవరూ వినలేదు. తీర్పు ప్రకారం రెండు మేళాలూ ఒకేసారి వాయించడం మొదలుపెట్టాయి. ఒకరు ఒక రాగం, ఒకరు ఇంకొకటి. డోళ్ళు ఒకదాన్నొకటి తరుముకున్నాయి. పందిట్లో కట్టేసిన ఆవు తాడు తెంపుకుపోయింది. పెండ్లికొడుకు మాత్రం ఆనందంగా లేచి నిలబడ్డాడు.

పెళ్ళి భోజనంలో ఓళిగలు, అంటే బొబ్బట్లు, మరిచిపోలేను. మా పక్క బెల్లం తక్కువ వేసి పాలల్లో ముంచుకుంటాం. ఇక్కడ ఓళిగ మీద నెయ్యి పోసి, నెయ్యి మీద మళ్ళీ నెయ్యి పోశారు. సారు మాత్రం విస్తరి ముందు ఊరికే కూర్చున్నారు. నోటుబుక్కులో నూరు పేజీలకు నూరు పేజీలూ తెల్లగా ఉన్నాయి. ఏడో రోజు గడిచిపోతోంది.

వేంపల్లె గని

ముద్దనూరు మీదుగా వేంపల్లె చేరాం. ఊరి బయట ముగ్గురాయి గనులు ఉన్నాయి. ముగ్గుపిండి కొట్టే ఆ తెల్లరాయే. చూడటానికి మామూలు పలుగురాయిలాగే ఉంటుంది గానీ, ఎత్తితే చేయి కిందికి పోతుంది. తవ్విన కుప్పల్లోంచి ముగ్గురాయిని ఒకవైపు, పనికిరాని పలుగురాయిని ఒకవైపు ఏరడం ఆడవాళ్ళ పని. చూసి కాదు, చేత్తో ఎత్తి చూసి ఏరతారు. ఎండలో కుప్ప వైపు చూడాలంటేనే కళ్ళు మూసుకుపోతున్నాయి.

మధ్యాహ్నం రాగి సంగటి ముద్ద, చెనిక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి మాకూ పెట్టారు. తిన్నాక సారు ఒకే సైజు రాళ్ళు రెండు అడిగారు, ఒకటి ముగ్గురాయి, ఒకటి పలుగు. ఓబులమ్మ అనే ఆమె, నలభై ఏళ్ళుంటాయేమో, కుప్ప వైపు చూడకుండానే చేయి పెట్టి రెండు తీసి ఇచ్చింది.

సారు గట్టు ఎక్కి వదిలారు. రెండూ ఒకేసారి పడ్డాయి. "అవునవును" అన్నారు అందరూ మర్యాదగా. సారు మారు మాట్లాడకుండా దిగి, చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టారు. ఇంక అడగండి అని కూడా అనలేదు.

"ఇంగోసారి ఇడ్సు" అంది ఓబులమ్మ.

సారు మళ్ళీ ఎక్కి వదిలారు. మళ్ళీ అంతే.

ఆమె రెండు రాళ్ళూ ఏరుకొచ్చి, చెరో చేతిలో పెట్టుకుని, తూచింది. ముఖం ఎర్రగా అయింది. "ఇరవై ఏండ్లుగా ఈ చేత్తో ఏరుతాండా. ఇది కిందికి లాగుతాది. అది లాగదు. నా చెయ్యి ఎప్పుడూ తప్పు చెప్పలే. ఇది నన్నే ఇంత లాగుతాంటే, ఇడిసిపెడితే అది ముందు ఏల పోదు?"



"ఏమే!" అని మేస్త్రీ లేచాడు. "మన సంగటి తిన్న పెద్దమనిషిని ఎదురడుగుతావా? బుద్ధుండాదా నీకు?"

"నువ్వు గమ్మునుండప్పా!" అని సారు అరిచిన అరుపుకు మేస్త్రీ కూర్చుండిపోయాడు. సారు కూడా ఆ రాళ్ళ మీదే కూర్చున్నారు. "అమ్మా, ఇంగోసారి అడుగు. హనుమంతూ, రాసుకో. ఒక్క అక్షరం మార్చొద్దు."

రాశాను. గట్టిగా నొక్కేసరికి పెన్సిలు ముక్కు విరిగింది. పళ్ళతో చెక్కి మళ్ళీ రాశాను.

తర్వాత సారు జవాబు నోటితో చెప్పలేదు. ఎద్దులు విప్పిన బండ్లు రెండు ఉంటే, ఒకటి ఖాళీది, ఒకటి రాయి నింపింది, ఆమెను తోయమన్నారు. ఖాళీ బండి కదిలింది. నిండు బండికి ఆమె భుజం ఆనించి, పళ్ళు బిగించి తోసినా జానెడు కదల్లేదు.

"బరువైంది మొండిది" అన్నారు సారు. "భూమి దాన్ని ఎక్కువ లాగే మాట నిజమే. నీ చెయ్యి చెప్పింది సత్యం. కానీ కదలమంటే అది అంతకంత మొండికేస్తుంది."

ఓబులమ్మ కొంగుతో మొహం తుడుచుకుని ఆలోచించింది. "అట్లయితే లాగుడు ఎంతో, మొండి అంత. దానికీ దీనికీ సరిపాయె." తన అరచేయి చూసుకుని, "నా చెయ్యి అబద్ధం చెప్పలే గదా, అది చాలు" అంది.

"మా పుస్తకంలో ఇదే రెండు పేజీలుండాది" అన్నారు సారు నాతో.

ఇంక మిగిలింది వేలిముద్ర. సిరా పెట్టె తీశాను. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

"ఏలు మాత్రం అద్దను. మా నాయన ఒగసారి అద్దినాడు. రెండెకరాల చేను పాయె. నోటితో అడిగినా గదా, ఏలితో ఏం పని?"

నేను బతిమాలాను. బండి సంగతి చెప్పాను. నా ఉద్యోగం సంగతి, బీయస్సీ సంగతి చెప్పాను. ఆమె "మంచిదే నాయనా, సల్లగుండు" అంది గానీ చేతులు ముందుకు రాలేదు. సారు సిరా పెట్టె తీసుకుని మూత పెట్టారు. "సరేమ్మా. నీ ఏలు నీది."

కడప బస్సులో నేను ఉండబట్టలేక అడిగాను. "సార్, నా బొటనవేలు ఊరికే ఉంది. నేను సంతకం పెడతాను కాబట్టి దీని ముద్ర ఏ కాగితంలోనూ లేదు. ఎవరికీ తెలియదు."

సారు నా చేతిలోంచి నోటుబుక్కు తీసుకున్నారు. "ఆమె అడిగింది నిజమైన ప్రశ్న. దాని కింద దొంగ వేలు పెడితే అది కూడా దొంగదైపోతుంది. బండి రాకపోతే నడిచి తిరుగుతా."

కడప

కడపలో ఎండ గురించి రాయను, రాస్తే నమ్మరు. ప్రయాణికుల బంగళాలో అధికారి క్యాంపు. ఫ్యాను లేదు, బంట్రోతు పంకా తాడు లాగుతూ నిద్రపోతున్నాడు.

మేం ఏమీ చెప్పకముందే అధికారి ఒక కట్ట మా ముందు పడేశారు. "ఏమిటిది వెంకటసుబ్బయ్య గారూ?"

పేరు రాయని ఊరి నుంచి వచ్చిన మహజరు అది. రెండు వీధుల వాళ్ళూ, ఎవరు ముందు అనే పేచీ లేకుండా, కాగితానికి అటు సగం, ఇటు సగం వేలిముద్రలు వేశారు. రాళ్ళ సారును తమ తాలూకాకు జడ్జీగా వేయాలని విన్నపం. దాని కింద జమ్మలమడుగు పెండ్లివారిది ఇంకొకటి.

"నేను ప్రశ్న తెమ్మన్నాను."

సారు నోటుబుక్కు తెరిచి ఇచ్చారు. నూరు పేజీల్లో ఒక్క పేజీ. అధికారి కళ్ళజోడు సర్దుకుని చదివారు. కింద చూశారు. "ముద్ర ఏది?"

"వేయనంది."

"బాగుంది. వేలిముద్రలు ఉన్నచోట ప్రశ్న లేదు. ప్రశ్న ఉన్నచోట వేలిముద్ర లేదు." ఆయన నిట్టూర్చి ఫైలు తాడు చేతిలోకి తీసుకున్నారు. ముడి వేయబోతూ మళ్ళీ నోటుబుక్కు వైపు చూశారు. "ఇది నన్నే ఇంత లాగుతాంటే..." అని పైకి చదివారు. తాడు వదిలేసి, ఒక చేత్తో ఫైళ్ళ మీది ఇటుక, ఒక చేత్తో సిరాబుడ్డి ఎత్తి చూశారు. ఈయన చదివింది చరిత్రలో ఎమ్మే.

"అవునయ్యా. నిజమే. ముందు ఎందుకు పోదు?"

సారు కిటికీలోంచి బయట నిలిపిన జీపు వైపు చూశారు.

"చెప్పండి."

"చెబితే అర్థం కాదండి. మీ జీపు తోసి చూడాలి."

ఎండలో, కోటు వేసుకుని, అధికారి మొదట బంట్రోతు సైకిలు తోశారు. ఒక్క వేలితో కదిలింది. తర్వాత జీపు వెనక నిలబడి తోశారు. కదల్లేదు. కోటు విప్పి నా చేతికిచ్చి మళ్ళీ తోశారు. దొరగారు జీపు తోస్తున్నారని చూసి డ్రైవరు, వంటమనిషి, పంకా బంట్రోతు, ఇద్దరు గుమస్తాలు పరిగెత్తుకొచ్చి తలా ఒక చేయి వేశారు. "మీరెందుకు, పొండి!" అని ఆయన అరుస్తూనే ఉన్నారు. అప్పుడు జీపు కదిలింది. ఆ బంగళా వాకిలి గేటు వైపు వాలుగా ఉంటుంది.

"ఆపండి! ఆపండయ్యా!" ఇప్పుడు అందరూ ముందుకు పోయి వెనక్కి నెట్టారు. జీపు ఎవరినీ లెక్కచేయలేదు. నిదానంగా, మర్యాదగా, ఆరుగురినీ తోసుకుంటూ గేటు దాటి, కలబంద కంచెలో మూతి పెట్టి నిలబడింది.

అధికారి చొక్కా తడిసిపోయింది. అరచేతుల్లో కలబంద ముళ్ళు. చాలాసేపు ఊపిరి పీల్చుకున్నాక సారు వైపు తిరిగారు. "కదలనన్నది సరే. ఆగమంటే ఆగదేమిటయ్యా? దానికీ మొండేనా?"

సారు నోటుబుక్కు జీపు బానెట్టు మీద పెట్టారు. "తమరు విద్యార్థి కారు. ఉపాధ్యాయులూ కారు."

అధికారికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత ఆయన నవ్విన నవ్వుకు డ్రైవరు భయపడి దూరం జరిగాడు. పెన్ను తీసి, ఓబులమ్మ ప్రశ్న కింద సంతకం పెట్టబోయారు. సారు ఆ చోటుకు చేయి అడ్డం పెట్టారు. "అది ఆమెదండి" అని, నా పెన్సిలు తీసుకుని ఆ ప్రశ్న పక్కన "వేంపల్లె గనిలో రాళ్ళు ఏరే ఓబులమ్మ" అని గుండ్రంగా రాశారు.

అధికారి దాన్ని చదివారు. తల ఊపారు. పేజీ తిప్పి, కొత్త పేజీ మీద, ముళ్ళున్న చేత్తోనే, జీపు ఆగమంటే ఎందుకు ఆగదో అన్నది తన మాటల్లో రాసి, కింద పూర్తి పేరుతో సంతకం చేశారు.

"ఇది నాది" అన్నారు నాతో. "ఆమెది ఒకటో నంబరు, నాది రెండు. కలిపేయకు."